ఆగడం తెలిసిన బండి

మా మనవడికి కళ్ళు కావాలట! ఒకటి కాదు, రెండు కాదు, అరడజను. అందులో ఒక్క కంటి ఖరీదు మా పెద్దమ్మాయి పెళ్ళికి నేను పెట్టిన మొత్తం ఖర్చుకన్నా ఎక్కువ.

కంగారుపడకండి. వాడి కళ్ళు రెండూ నిక్షేపంలా వున్నాయి. కావలసింది వాడి బండికి. మా పెద్దబ్బాయి కొడుకు వాడు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. తనూ, తనతో చదివే మరో అయిదుగురూ కలిసి, డ్రైవరు లేకుండా తనంతట తానే నడిచే బండి ఒకటి తయారుచేస్తున్నారు. సంక్రాంతికి సామర్లకోట వచ్చినవాడు, భోగినాడు తలంటుపోసుకుని, అరిసెల పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"తాతయ్యా, నువ్వు కరెంటు పని చేసినవాడివి కదా. ఈ జాబితా ఒకసారి చూడు" అన్నాడు.

నేను రైల్వేలో సిగ్నల్ శాఖలో 38 ఏళ్ళు పనిచేసి 2010లో రిటైరయ్యాను. జాబితా అంటే నాకు ఇప్పటికీ సరదాయే. కళ్ళజోడు సర్దుకుని చదివాను. బండి నెత్తిన గిరగిరా తిరుగుతూ 100 మీటర్ల దాకా చూసే లైడారు ఒకటి. కెమెరాలు రెండు. రాడారు ఒకటి. బండి ఎక్కడుందో బెత్తెడు తేడా లేకుండా చెప్పే జి.పి.ఎస్. ఒకటి. ఎటు తిరిగిందో చెప్పే జైరో ఒకటి. వీటన్నిటినీ ఏలుకునే పెద్ద కంప్యూటరు ఒకటి. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో, "ఇతరములు: స్విచ్చీ, ఫ్యూజులు, వైర్లు - రూ. 500" అని వుంది.

"ఇంత డబ్బు ఎవరిస్తార్రా?" అన్నాను.

"కాలేజీవాళ్ళు కొంత ఇస్తారు. మిగతాది తలా ఇంత. నాన్న సరేనన్నాడు. మా జట్టులో ఒకడికి మాత్రం ఇబ్బంది. వాళ్ళమ్మగారు గాజులు తాకట్టు పెడతానన్నార్ట."

అరిసె కొరుకుతూ ఈ మాట చాలా తేలిగ్గా అన్నాడు. ఇరవై ఏళ్ళ వయస్సు మరి. వంటింట్లోంచి మా ఆవిడ మాత్రం బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

కాలు ఎవరిది?

ఆ సాయంత్రం వాడికి ఫోను వచ్చింది. వీధి అరుగుమీద మెల్లిగా మాట్లాడుతున్నాడు. మా ఆవిడ చెవులు చాలా చురుకు. వాడు లోపలికి రాగానే, "కాలు ఎలా వుందని అడుగుతున్నావు, ఎవరి కాలురా?" అంది.

మొదట ఏమీ లేదన్నాడు. నానమ్మ దగ్గర అబద్ధం ఎంతోసేపు నిలవదు. కథంతా బయటపడింది.

డిసెంబరులో కాలేజీ మైదానంలో బండిని నడిపి చూశారట. అప్పటికి దానికి చవకరకం లైడారు ఒకటి వుంది. ఎదురుగా మనిషి కనిపిస్తే రెండు మీటర్ల దూరంలో ఆగాలి. జట్టులో ఒక కుర్రాడు ధైర్యంగా వెళ్ళి దానికి ఎదురుగా నిలబడ్డాడు. బండి ఆగలేదు. కుర్రాడి మోకాలి కింద ఏడు కుట్లు పడ్డాయి. ఆ కుర్రాడే గాజులావిడ కొడుకు.

"అంచేతే తాతయ్యా, మంచి లైడారు కావాలి. చవకది కనక అది వాణ్ణి చూడలేదు" అన్నాడు మావాడు తల వంచుకుని.

నాకు కోపం రావలసిన మాటే. కాని 38 ఏళ్ళ వుద్యోగం నాకు ఒక అలవాటు నేర్పింది. ప్రమాదం జరిగినప్పుడు ముందు చూడవలసింది మనుషుల మొహాలు కాదు, స్టేషనులో రాసిపెట్టిన పుస్తకం.

"చూడలేదని నీకెలా తెలుసు? బండి నడిచినంతసేపూ లెక్క రాసుకుంటుందా?" అన్నాను.

రాసుకుంటుందట. లాప్‌టాప్ తెచ్చి తెరిచాడు. ఆనాటి లెక్క తీశాడు. తాతా మనవళ్ళం తలలు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క వరసా చదివాం. ఎదురుగా వస్తువు వుంది: 6 మీటర్లు. ఎదురుగా వస్తువు వుంది: 5 మీటర్లు. ఎదురుగా వస్తువు వుంది: 4 మీటర్లు. ఆ తరవాత ఏమీ లేదు. ఖాళీ.

మావాడి మొహం పాలిపోయింది. బండి చూసింది! నిక్షేపంలా చూసింది. నాలుగు మీటర్ల దగ్గర కన్ను పోలేదు, కంప్యూటరే సొమ్మసిల్లిపోయింది.

కారణం వెతకడానికి అట్టే సేపు పట్టలేదు. మోటార్లకీ కంప్యూటరుకీ ఒకటే బ్యాటరీ. మైదానంలో ఆ చోట చిన్న మెరక వుందట. మెరక ఎక్కేటప్పుడు మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగాయి. బ్యాటరీ వోల్టేజి పడిపోయింది. మన ఇంట్లో మోటారు పంపు వేయగానే దీపాలు ఒక్క క్షణం మసకబారడం లేదూ, అదే సంగతి. దీపం మసకబారి మళ్ళీ వెలుగుతుంది. కంప్యూటరు అలా కాదు. ఆరిపోయి, మళ్ళీ మొదటినించీ లేస్తుంది. లేచేలోగా మోటార్ల పెట్టెలో వున్నది ఆఖరిసారి విన్న ఆజ్ఞ ఒక్కటే: "పద."

"మరి ఆపే స్విచ్చి లేదురా?"

"వుంది తాతయ్యా. కంప్యూటరు తెరమీద."

అదీ సంగతి! కంప్యూటరు పోతే ఆ స్విచ్చీ పోయినట్టే.

తీగ తెగిన రాత్రి

ఆ రాత్రి వాడికి నా కథ ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను.

పాత సిగ్నళ్ళు మీలో పెద్దవాళ్ళు చూసే వుంటారు. స్తంభం మీద ఎర్ర చెయ్యి. చెయ్యి అడ్డంగా వుంటే రైలు ఆగాలి. కాబిన్లో మీట లాగితే, పొడుగాటి ఇనపతీగ ఆ చేతిని కదిపి రైలుకి దారి ఇస్తుంది. మరి తీగ తెగితే? బరువు లాగి చేతిని మళ్ళీ అడ్డంగా నిలబెడుతుంది. అంటే, పాడైతే సిగ్నలు "ఆగు" అనే అంటుంది. "పద" అనడానికి మనిషి కష్టపడాలి. "ఆగు" అనడానికి ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు.

పట్టాల్లో కరెంటు పంపి రైలు వుందో లేదో కనిపెట్టే ట్రాక్ సర్క్యూటు కూడా అంతే. దాన్ని 1872లో అమెరికాలో విలియం రాబిన్‌సన్ కనిపెట్టాడు. పట్టాల్లో కరెంటు పారుతున్నంతసేపూ రిలే పైకి లేచి వుంటుంది. రైలు చక్రాలు ఆ కరెంటుని అడ్డితే రిలే పడిపోతుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. తమాషా ఏమిటంటే, రైలు లేకపోయినా వైరు తెగితే రిలే పడుతుంది. బ్యాటరీ చస్తే పడుతుంది. పట్టా విరిగినా సాధారణంగా పడుతుంది. ఏం జరిగినా ఎరుపే.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక వానరాత్రి మా సెక్షనులో తీగ తెగింది. చెయ్యి అడ్డంగా పడింది. ఎక్స్‌ప్రెస్సు ఆగిపోయి, డ్రైవరు కూతమీద కూత వేశాడు. గొడుగు లేకుండా పరుగెత్తుకెళ్ళాను. రైలు 40 నిమిషాలు ఆలస్యమైంది. తెల్లారి పైఅధికారి నన్ను దులిపేశాడు. సిగ్గుతో ఇంటికొచ్చాను. కాని రైలు ఆలస్యమైంది, అంతే. లోపల నిద్రపోతున్న వాళ్ళకి తీగ తెగిన సంగతే తెలియదు.

"మీ బండిలో తీగ తెగితే ఏమవుతుంది?" అని అడిగాను. మావాడు జవాబు చెప్పలేదు. జాబితా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నియమాల పుస్తకం

ఇటువంటి బండ్లకి అమెరికాలో ఒక పోటీ వుంది. 1993లో మొదలైంది. మిషిగన్ రాష్ట్రంలో ఓక్లాండ్ యూనివర్సిటీవారి ఆవరణ దానికి పెట్టింది పేరు. మన ఐ.ఐ.టి. పిల్లలు కూడా వెళ్ళి పాల్గొన్నారు. అంత దూరం వెళ్ళే తాహతు మావాళ్ళకి లేదు. ఆ పోటీ నియమాల పుస్తకం తెప్పించుకుని, దాని ప్రకారం బండి కట్టి, మార్చిలో తమ కాలేజీ ప్రదర్శనలో నడపాలని వాళ్ళ సంకల్పం.

మర్నాడు పొద్దున్న ఆ పుస్తకం నేనూ చదివాను. ఏ కన్ను కొనాలో, ఏ కంపెనీది కొనాలో అందులో వుండదు. అది మీ ఇష్టం అంటారు. కాని ఆపే బొత్తాం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ ధోరణి మారిపోయింది! బొత్తాం ఎర్రగా వుండాలి. అంగుళానికి తక్కువ వుండకూడదు. బండి వెనకభాగం మధ్యన, నేలకి రెండడుగుల పైన, నాలుగడుగుల లోపల వుండాలి. దూరంనించి ఆపడానికి వైరులేని బొత్తాం మరొకటి వుండాలి. అది కనీసం 100 అడుగుల దూరంనించి పనిచెయ్యాలి. రెండూ కంప్యూటరు ప్రోగ్రాముతో సంబంధం లేకుండా, హార్డ్‌వేరుతోనే బండిని ఆపాలి. బండి వేగం గంటకి 5 మైళ్ళు దాటకూడదు.

ఈ పేజీ మావాళ్ళు చదవకపోలేదు. "చివర్లో చూసుకుందాం" అనుకున్నారట. అందుకే అది జాబితాలో చీమ తలకాయ అయింది.

కనుమనాటి కళ్ళపరీక్ష

"సరే, ఇప్పుడు కళ్ళ సంగతి చూద్దాం. ఏవి వున్నాయో తియ్యి" అన్నాను. వాడి సంచీలో పాత లైడారూ, ఒక కెమెరా, రెండు అల్ట్రాసానిక్ సెన్సార్లూ వున్నాయి. కనుమనాడు మా ఇల్లంతా కళ్ళాసుపత్రి అయిపోయింది.

అల్ట్రాసానిక్ అంటే గబ్బిలం విద్య. మన చెవికి అందని కూత వేసి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం చెబుతుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. కనక రెండు మీటర్ల దూరంలో వున్న గోడనించి కూత వెళ్ళి రావడానికి సెకనులో నూరోవంతు కొంచెం దాటుతుంది. గోడని చక్కగా చెప్పింది. దండెంమీద ఆరేసిన బొంత ముందు పెడితే తెల్లమొహం వేసింది. మెత్తని బట్ట కూతని మింగేస్తుంది. వాలుగా పెట్టిన బల్లచెక్కని కూడా చూడలేదు. ప్రతిధ్వని ఇటు రాకుండా పక్కకి పోయింది.

లైడారు కూత బదులు లేజరు వెలుగు వాడుతుంది. చుట్టూ తిరుగుతూ క్షణంలో గది పటం గీసేసింది. మా ఆవిడ కూడా "బాగుందే!" అంది. కాని బొమ్మల బీరువా అద్దాన్ని అది చూడలేదు. అద్దంలోంచి దూసుకుపోయి లోపలి కొండపల్లి బొమ్మల దూరం చెప్పింది. నా నల్లగొడుగు దానికి సరిగా ఆనలేదు. నలుపు వెలుగుని తాగేస్తుంది. పెరట్లో ఎండలో పెడితే దాని చూపు సగానికి తగ్గింది. చవకరకానివి ఇళ్ళలో వాడుకోవడానికి చేసినవి మరి. అన్నిటికన్నా ముఖ్యం, అది నేలకి సమానంగా ఒక్క గీతనే చూస్తుంది. నేలమీద పెడితే మా భోజనాల బల్ల దానికి నాలుగు కాళ్ళు మాత్రమే! పైన బల్ల వున్నట్టే తెలియదు. ఇనపకడ్డీలు వెనక్కి పొడుచుకొచ్చిన రిక్షాబండి రోడ్డుమీద ఎదురైతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇక కెమెరా. దారికి అటూ ఇటూ వేసిన తెల్లగీతలు కనిపెట్టడానికి అది తప్ప గతి లేదు. నేలతో సమంగా వున్న గీత లైడారుకీ, గబ్బిలానికీ కనిపించదు. మావాడు కెమెరాని వాకిట్లో పెట్టి, "దారి చూపించు" అన్నాడు. వాకిట్లో మా ఆవిడ వేసిన రథంముగ్గు వుంది. రథంముగ్గు తాడుని పక్కింటి ముగ్గుదాకా లాగడం మన ఆచారం కదా! కెమెరా ఆ తాడే దారి అనుకుని, బండిని పక్కింటి వంటింట్లోకి నడిపించడానికి సిద్ధమైంది. మా ఆవిడ నవ్వలేక చచ్చింది.

కెమెరాతో మరో చిక్కు. అది చూస్తుందే గాని, చూసింది ఏమిటో దానికి నేర్పాలి. ఐరోపా వీధుల ఫోటోలతో నేర్చుకున్న కంప్యూటరుకి మన ఆటో ఏమిటో, రోడ్డుమధ్య నెమరువేసే ఆవు ఏమిటో తెలియదు. ఇందుకోసమే హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీవారు 2018లో మన రోడ్లమీద తీసిన 10,000 చిత్రాల సంపుటి ఒకటి వెలువరించారు. హైదరాబాదు, బెంగుళూరు నగరాలూ, వాటి శివార్లూ అందులో వున్నాయి. ఏది ఆటో, ఏది జంతువు, ఏది దారి అని గుర్తులు పెట్టి మరీ ఇచ్చారు. మావాళ్ళు దానితోనే నేర్పుతున్నారట.

మిగిలింది జి.పి.ఎస్. మామూలుది కొన్ని మీటర్లు అటూ ఇటూగా చెబుతుంది. పోటీలో దారి వెడల్పు సన్నగా వున్నచోట 10 అడుగులే. అంటే బండి దారిలో వుందో, పక్క కాలవలో వుందో అది చెప్పలేదన్నమాట. బెత్తెడు తేడా లేకుండా చెప్పేది కావాలంటే నేలమీద మరో స్టేషను పెట్టుకోవాలి. కాలేజీ మైదానానికి అంత హంగు ఎందుకు? చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడితే చాలు. ఇసకలో చక్రం జారితే ఆ లెక్క తప్పుతుంది. ఎటు తిరిగిందో చెప్పే జైరో కూడా పోగా పోగా కొద్దికొద్దిగా దారి తప్పుతుంది. రెండూ కలిస్తే ఒకదాని తప్పు మరొకటి పట్టుకుంటుంది.

సాయంత్రానికి మావాడు ఒక కాగితంమీద గళ్ళు గీశాడు. ఏ కన్ను ఏం చూస్తుందో కాదు, ఏ కన్ను ఎప్పుడు గుడ్డిదవుతుందో రాశాడు. అద్దం దగ్గర లైడారు గుడ్డి. గబ్బిలానికి అద్దం గోడే. బొంత దగ్గర గబ్బిలం గుడ్డి. లైడారుకి బొంత కనిపిస్తుంది. చీకట్లో కెమెరా గుడ్డి. లైడారుకి చీకటైనా ఒకటే. ఒకే చోట గుడ్డివయ్యే రెండు కళ్ళు ఎంత ఖరీదువైనా ఒక కంటితోనే సమానం. వేరువేరు చోట్ల గుడ్డివయ్యే రెండు చవక కళ్ళు నిజంగా రెండు కళ్ళు.

ఎంత దూరం చూడాలి?

"ఇప్పుడు చెప్పు, 100 మీటర్లు ఎందుకు?" అన్నాను.

"ఎంత దూరం చూస్తే అంత మంచిది కదా తాతయ్యా!"

మన రైల్వేలో దూరపు సిగ్నలు అసలు సిగ్నలుకి ఒక కిలోమీటరు ముందు పెడతారు. బరువు రైలు ఆగడానికి అంత దూరం పడుతుంది కనక. చూపు ఎంత వుండాలో ఆగే దూరమే చెబుతుంది. అదే లెక్క బండికీ వేశాం. గంటకి 5 మైళ్ళంటే 8 కిలోమీటర్లు, సెకనుకి 2.2 మీటర్లు. చూసింది అర్థంచేసుకోవడానికి కంప్యూటరుకి సెకనులో మూడు పదోవంతులు పడుతుందట. ఆలోగా బండి 66 సెంటీమీటర్లు పోతుంది. బ్రేకు వేశాక వాళ్ళు సుద్దతో గీసి కొలిచిన దూరం 1.2 మీటర్లు. మొత్తం రెండు మీటర్లకి లోపు. దానికి రెట్టింపు వేసుకున్నా నాలుగు మీటర్లు. ఆ దెబ్బతిన్న రోజున కూడా బండి కుర్రాణ్ణి నాలుగు మీటర్ల ముందే చూసింది!

మావాడు చాలాసేపు ఆ అంకెలకేసి చూశాడు. తరవాత తనే ఒక కథ చెప్పాడు. 2004 మార్చిలో అమెరికా రక్షణశాఖవారు మొజావే ఎడారిలో డ్రైవరులేని బండ్లకి 142 మైళ్ళ పందెం పెట్టారట. మిలియను డాలర్ల బహుమతి. ఒక్కటీ చేరలేదు. అన్నిటికన్నా బాగా నడిచినది ఎనిమిది మైళ్ళయినా పోలేదు. 2005 అక్టోబరులో మళ్ళీ పెట్టారు, ఈసారి 132 మైళ్ళు. అయిదు బండ్లు చేరాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవారి "స్టాన్లీ" ఏడు గంటల లోపల వచ్చి రెండు మిలియన్ల డాలర్లు గెలుచుకుంది. దాని నెత్తిన అయిదు లైడార్లు.

"చూశావా, అయిదు!" అంటాడేమో అనుకున్నాను. అనలేదు.

"ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ విద్యార్థులది కూడా ఒక బండి వుంది తాతయ్యా. అడ్డాలు చూడడానికి వాళ్ళు లైడారు పెట్టలేదు. మన రెండు కళ్ళలాగా జంటగా వుండే కెమెరా ఒక్కటే. అయినా ఆఖరి పందెందాకా వచ్చారు. సుమారు 15 కిలోమీటర్లు నడిచి ఆగిపోయింది. ఎందుకో తెలుసా? కన్ను పోయి కాదు. దాటిపోయిన పొదలనీ రాళ్ళనీ కంప్యూటరు మరిచిపోకుండా అన్నీ జ్ఞాపకం పెట్టుకుందట. జ్ఞాపకం నిండిపోయి వూపిరాడలేదు."

అదే పందెంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవారి "హైలాండరు" గెలవవలసిన బండి. దారిలో దాని ఇంజను నీరసించింది. కారణం 2017లోగాని తెలియలేదు. ఇంజను ఎలక్ట్రానిక్సులో చిన్న ఫిల్టరు ఒకటి దెబ్బతిని వుందట. అంత ఖరీదైన కళ్ళూ నిక్షేపంలా చూస్తూనే వున్నాయి పాపం!

కొత్త జాబితా

ముక్కనుమనాడు కొత్త జాబితా రాశాం. ఈసారి మొదటి వరసలో "ఇతరములు" వచ్చాయి. ఎర్ర బొత్తాం, వైరులేని బొత్తాం, రిలేలు. మోటార్లకి ఒక బ్యాటరీ, కంప్యూటరుకి వేరే బ్యాటరీ. ఫ్యూజులు. కుదుపులకి వూడిపోకుండా గట్టిగా బిగిసే కనెక్టర్లు. కరెంటు వున్నంతసేపే వదిలి, కరెంటు పోగానే స్ప్రింగుతో పట్టుకునే బ్రేకు. కంప్యూటరు సెకనుకి పదిసార్లు "బతికే వున్నాను" అని చెబుతూ వుంటే విని, ఆ మాట రాకపోతే రిలేని వదిలేసే కాపలా బోర్డు ఒకటి.

తరవాత కళ్ళు. ఎండలో పనిచేసే మధ్యరకం లైడారు ఒకటి. 100 మీటర్లది కాదు. వున్న కెమెరాయే చాలు. ముందుభాగంలో అల్ట్రాసానిక్కులు నాలుగు. చక్రాల లెక్క, జైరో. ముక్కుమీద తగలగానే కరెంటు తెంచే రబ్బరుపట్టీ ఒకటి. అన్ని కళ్ళూ పోయినా చర్మం మిగలాలి కదా. రాడారు కొట్టేశాం. ఖరీదైన జి.పి.ఎస్. కొట్టేశాం. మొత్తం పాతదాంట్లో మూడోవంతుకి తక్కువే తేలింది.

మా ఆవిడ అంతా విని ఒకటే అడిగింది: "అయితే ఆ పిల్లాడి తల్లి గాజులు?"

"అక్కర్లేదు నానమ్మా. వాడి వంతు మేం అయిదుగురం సర్దుకుంటాం."

"డబ్బు సంగతి కాదు. ఆవిడకి కాలు ఎందుకు తెగిందో చెప్పారా?"

చెప్పలేదట. సైకిలుమీంచి పడ్డానని కుర్రాడు చెప్పాడట. మర్నాడు కాలేజీకి వెళ్ళేదారిలో మావాడు ముందు వాళ్ళింటికి వెళ్ళాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

దిష్టిబొమ్మ పడింది

ఫిబ్రవరి ఆఖరున నన్ను పిలిచారు. ఈసారి మనిషిని నిలబెట్టలేదు. గడ్డి కుక్కిన దిష్టిబొమ్మ. దానికి నా పాత రైల్వే కోటు తొడిగారు. అది చూసి నాకు కొంచెం అదోలా అనిపించింది గాని, వూరుకున్నాను.

"తాతగారూ, మీ ఇష్టం వచ్చిన తీగ పీకండి" అన్నారు కుర్రాళ్ళు. ఇంతకన్నా నాకేం కావాలి!

బండి బయల్దేరింది. పక్కనే నడుస్తూ కంప్యూటరు తీగ పీకాను. టక్కుమని రిలే చప్పుడు. బండి నిలబడిపోయింది. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో! మళ్ళీ నడిపించారు. వైరులేని బొత్తాంలో బ్యాటరీ తీసేశాను. ఆగింది. లైడారుమీద తువ్వాలు కప్పాను. ఆగింది. కెమెరా తీగ పీకాను. ఆగింది. కుర్రాళ్ళు ఒకటే చప్పట్లు.

అయిదోసారి గబ్బిలాల తీగ పీకి, లైడారు చూపుకి అందకుండా దిష్టిబొమ్మని నేలమీద పడుకోబెట్టమన్నాను. బండి తిన్నగా వెళ్ళి నా కోటు ఎక్కింది. రబ్బరుపట్టీ తగిలి అప్పుడు ఆగింది.

చప్పట్లు ఆగిపోయాయి. చెయ్యి తెగిన కుర్రాడిలా అందరూ బొమ్మకేసి చూశారు. కుట్లుపడిన కుర్రాడే ముందు లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాడు. పావుగంటలో పట్టుకున్నాడు. తీగ పీకితే ప్రతిధ్వని రాదు. ప్రతిధ్వని రాకపోతే ఎదురుగా ఏమీ లేదని, దారి ఖాళీ అని రాసుకున్నారు ప్రోగ్రాములో! చెప్పేవాడు చచ్చిపోతే, "అంతా క్షేమం" అని అర్థం చేసుకున్నారన్నమాట.

సాయంత్రంలోగా మార్చారు. ఇప్పుడు ప్రతి గబ్బిలమూ ముందు తను బతికి వున్నట్టు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఆగడమే. మళ్ళీ తీగ పీకాను. బండి కదలనే లేదు.

మీ ఇంట్లోనూ ఇటువంటి కుర్రాడో అమ్మాయో వుండవచ్చు. రేపో ఎల్లుండో అరిసెలు తింటూ మీ ముందూ ఒక జాబితా పెట్టవచ్చు. మీకు ఎలక్ట్రానిక్స్ రాకపోయినా ఫరవాలేదు. ఒక్కొక్క వరసమీదా వేలు పెట్టి, "ఇది పాడైతే బండి ఏం చేస్తుంది?" అని అడగండి. జవాబు తడుముకున్న చోట డబ్బు ఖర్చుపెట్టండి.

నిన్న రాత్రి మావాడు ఫోను చేశాడు. గొంతులో సంతోషం పట్టడంలేదు. "తాతయ్యా, ఇవాళ ఇరవైసార్లు పరీక్ష పెట్టాం. ఇరవైసార్లూ ఆగింది!"

పక్కనించి మా ఆవిడ నిట్టూర్చింది.

"అయ్యో పాపం! ఇంకా నడవడమే లేదుటండీ ఆ బండి?"